పెళ్లి ఫ్లెక్సీ మీద చిన్నక్షరం

పెళ్లిపీటల మీద గొడవలు మీరు చాలానే చూసి ఉంటారు. పీటల దాకా కూడా పోనివ్వకుండా, హాలు గేటు దగ్గరే సొంత పెళ్లిని ఆపుకున్న ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

అప్పుడే ఇంగ్లీషు మాస్టరుగా చేరాను. కొత్త పాండిత్యం పాలపొంగులా ఆగడం లేదు. రాయచూరులో పెళ్లి ఫ్లెక్సీ ఇంగ్లీషులో వేయించబోతే దుకాణమతను, "అన్నీ పెద్దక్షరాలే పెడ్తా సార్, దూరంకెల్లి కనపడ్తయి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "గట్ల పెట్టొద్దు. ప్రతి మాటకూ మొదటక్షరం పెద్దది. ఆఫ్, అండ్ లాంటివి, మూడక్షరాలు మించనివి ఉంటయి చూడు, వాటికి మాత్రం అన్నీ చిన్నవే."

"అన్నిటికీనా సార్?"

"అన్నిటికీ. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు."

కొట్టాడు.

పెళ్లినాడు యరగేరలో హాలు ముందు, నుదుట బాసికంతో కారు దిగేసరికి ఆడపెళ్లివారంతా మెడలెత్తి గేటుకు కట్టిన ఫ్లెక్సీ వైపు చూస్తున్నారు. నేనూ చూశాను. నర్సింహులు అనే నా పేరు పెద్దక్షరంతో ఏనుగులా నిలబడి ఉంది. పక్కన పెళ్లికూతురు ఉమ. ఇంగ్లీషులో సరిగ్గా మూడక్షరాలు. మొదటి అక్షరం కూడా చిన్నదైపోయి, ఆఫ్‌కూ అండ్‌కూ చెల్లెలిలా నక్కి ఉంది.

ఉమ మేనమామ తిప్పయ్య ముందుకొచ్చాడు. "ఏంది అల్లుడా, నీ పేరేమో పెద్దగ, మా పిల్లదేమో చిన్నగనా?"

అక్కడ ఊరుకుంటే నేను మాస్టర్నెలా అవుతాను? "గ్రామర్ మామా. చిన్న మాటలకు అంత విలువుండది" అన్నాను.

మేళం ఆగిపోయింది. మా నాయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంటివా అక్కా," అని తిప్పయ్య మా అత్తగారి వైపు తిరిగాడు. "పెండ్లి గాకముందే మన పిల్లకు విలువ లేదంటుండు. ఇంక ఇజ్జత్ ఏమున్నది? కారు తిప్పుకోమను ఆళ్లను."

అంతలో ఉమే బయటికొచ్చింది. ఫ్లెక్సీ చదివింది. నన్ను చూసింది. తెల్లకాగితాలూ లావు మార్కరూ తెప్పించి నా చేతిలో పెట్టింది.

"నా పూర్తి పేరు ఉమామహేశ్వరి. గది రాయుండ్రి."

"అంత జాగ లేదు" అన్నాను.

"మీ పేరు మీద అంటియ్యుండ్రి."

ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, ఊరంతా చూస్తుండగా, నా పేరును నా చేతులతోనే మూసేశాను. అప్పుడుగానీ మేళం మోగలేదు.

ఆలస్యంగా వచ్చిన గిల్లేసూగూరు చుట్టమొకాయన మా నాయన దగ్గరికే వచ్చి, "పిల్ల పేరు మస్తుగ కనపడ్తుంది. పిలగానికి పేరు పెట్టలేదా?" అని అడిగాడు.

ఆ రోజు అగ్నిసాక్షిగా అందరూ చేసే ప్రమాణాలతో పాటు ఇంకోటి కూడా చేశాను: ఈ జన్మలో ఎవరి పేరునూ అక్షరాలు లెక్కపెట్టి చిన్నది చేయను. ముఖ్యంగా, ఇంట్లో వాళ్లది.