తాంబాళంలో రావిచెట్టు

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మేము కిరాయికి ఉన్న ఇంటి పిట్టగోడ పగిలి, ఆ పగులులో ఒక రావి మొక్క మొలిచింది. అరవైల మొదట్లో మాట. గోడ కూలుతుందని ఇంటి యజమానికి ఒకటే బెంగ. పీకెయ్యడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. రావిని పీకితే పాపమని పనివాళ్లు తప్పుకున్నారు. మీరే పీకొచ్చు గదా అంటే యజమానికి ఉన్నట్టుండి నడుం పట్టేసింది. చివరికి మా ఆయనే ఒక ఆదివారం కూర్చుని, సున్నం గోకి, వేరు తెగకుండా మొక్కను బయటికి తీశారు.

"చెట్టును పీకినవారా?" అని మా అత్తమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"పీకలేదమ్మా. ఇల్లు మార్పిచ్చిన, గంతే."

ఆయన అబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగెయ్యడం తప్ప ఇంకో వ్యసనం లేదు. అక్కడే అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. దాన్నిండా జపాను వాళ్ల చిన్న చెట్ల బొమ్మలు. మూరెడు కూడా లేని చెట్టుకు ముసలి మాను, వంగిన కొమ్మలు, బయటికి తేలిన వేర్లు. ఇక చూసుకోండి, తింటున్నా పడుకున్నా బోన్సాయ్ మాటే. ఆ రావిని నాటడానికి నా పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి తాంబాళానికి మేకుతో చిల్లులు పొడిచారు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ కోపం నాకు చాలా రోజులు ఉంది.

కానీ ఆయన చెట్టును చూసుకునే తీరు చూస్తే కోపం నిలిచేది కాదు. ఎండలు తగ్గగానే చెట్టును తాంబాళంలోంచి ఎత్తి, మట్టి దులిపి, పొడవైన వేర్లు కత్తిరించి మళ్లీ పెట్టేవారు. కొమ్మకు రాగి తీగ చుట్టి మెల్లగా వంచేవారు. అది వంపుకు అలవాటు పడగానే తీగను ముక్కలుగా కత్తిరించి తీసేవారు, బెరడుకు గీత పడకుండా. ఒక్క ఆకుల దగ్గరే ఆయన ఓడిపోయారు. రావి ఆకు పెద్దది. జానెడు చెట్టుకు అప్పడాలు వేలాడదీసినట్టు ఉండేది. "ఆకు జర చిన్నగయిందంటే బాగేఆం తోటల పూల పోటీకి తీస్కపోత సూడు" అనేవారు. ఆయన జీవితంలో పదిమందికి చూపించుకోవాలనుకున్నది అదొక్కటే.

మాకు పిల్లలు లేరు. ఆ నెపం కూడా చెట్టు మీదికే వచ్చింది.

"దేవుని చెట్టు వేర్లు కోస్తవు, ఎదగనియ్యవు. గందుకే మనింట్ల తొట్టెల ఊగుతలేదు" అంది అత్తమ్మ.

"అమ్మా, చెట్టు రాకముందు నాలుగేండ్లు ఎందుకు ఊగలేదే మరి?"

"నాకు లెక్కలు జెప్పకు."

ఆ రోజు నుంచి చట్టాలు మొదలయ్యాయి. రావిని శనివారం తప్ప ముట్టొద్దు. ఆయనకేమో సెలవు ఆదివారం. పాపం, శనివారం పొద్దున్నే లేచి, ఆఫీసుకు వెళ్లేలోపు హడావిడిగా చెట్టు పని చేసుకునేవారు. కొన్నాళ్లకు ఆ పొద్దు కూడా మేమే లాక్కున్నాం. అత్తమ్మ చెట్టును మిద్దె నడుమ స్టూలు మీద పెట్టించి, నన్ను దాని చుట్టూ ప్రదక్షిణలు చెయ్యమంది. పాలు, పసుపునీళ్లు చెట్టు మొదలు దగ్గర పోసి, మానుకు ప్రతి శనివారం పసుపుదారం ఒక పోగు చుట్టాలి. కోరిక తీరేదాకా ఆ దారం తియ్యకూడదు. తీరాక తన చేతులతో తనే విప్పుతానంది.

స్టూలు ఎక్కించినా నా నడుం ఎత్తు రాని చెట్టు చుట్టూ నేను తిరుగుతుంటే పక్క మిద్దె మీద బట్టలారేసే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది. నవ్వుతూనే మొదలుపెట్టాను. తర్వాత నమ్మాను. నాకు బిడ్డ కావాలి, అంతే. దానికి ఏ చెట్టు చుట్టూ తిరగమన్నా తిరిగేదాన్ని.

ఆయన ఒక్కసారే నోరు తెరిచారు. "జర వదులుగ చుట్టు."

"చెట్టుకు జాకెట్ కుడుతున్ననా, కొలత తీస్కుంటందుకు?" అన్నాను.

నవ్వి, టిఫిను డబ్బా తీసుకుని ఆఫీసుకు వెళ్లిపోయారు.

ఒక వానాకాలం రావికి ఆకులు చిన్నగా వచ్చాయి. అచ్చం బొమ్మల్లో ఉన్నట్టే. అత్తమ్మ దేవుడు ముందు తన కొడుకు కోరిన ఆకులు ఇచ్చాడని మురిసిపోయింది. ఆయన మాత్రం ఒక ఆకు తిప్పి చూసి వదిలేశారు. "ఈసారి బాగేఆంకు తీస్కపోతరా?" అని అడిగితే, "సూద్దాం" అన్నారు. ఆ తర్వాత పోటీ మాటే ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే నాలో ఆశ చచ్చిపోయింది. ఏ రోజని చెప్పలేను. ఒక శనివారం దారం చుడుతుంటే, చేతులు తమ పని తాము చేస్తున్నాయి గానీ లోపల ఏ కోరికా లేదు. మానేద్దామనుకున్నాను. తలెత్తి చూస్తే ఆయన గడపలో నిలబడి నన్నే చూస్తున్నారు. నేను మానేస్తే, ఇక మనకు పిల్లలు లేరని ఆయన మొహం మీద చెప్పినట్టు అవుతుంది. ఆయనకు ఇంకా ఆశ ఉందనుకున్నాను. అందుకని వారం వారం చుడుతూనే ఉన్నాను, నెలల తరబడి.

దారం తడిసి ఆరి, తడిసి ఆరి బిగుసుకుపోయింది. దారం పైన మాను ఉబ్బింది. తర్వాతి ఎండాకాలంలో చిగురు రాలేదు, ఉన్న ఆకులు రాలాయి. "వేర్లు కోసి కోసి సంపినవ్‌రా" అని అత్తమ్మ ఏడ్చింది. ఆయన వంచిన తల ఎత్తకుండా ఎండిన చెట్టును తాంబాళంలోంచి తీశారు. అప్పుడు చూశాను. పసుపుదారం బెరడును కోసుకుని లోపలికి దిగిపోయి ఉంది. వేర్లు శుభ్రంగా, ఆయన ఎలా కత్తిరించి పెట్టారో అలాగే ఉన్నాయి.

అత్తమ్మ కిందికి దిగేదాకా ఆగి అడిగాను. "దారం కోస్తున్నదని ఆకులు చిన్నగైనప్పుడే మీకు తెలుసు గదా. ఎందుకు తెంపలేదు?"

"చెట్టుదేముంది, ఇంకోటి పెంచుకోవచ్చు" అన్నారు, మట్టి దులుపుకుంటూ. "గా దారం నేను తెంపితే, నీకింక పిల్లలు పుట్టరని నా నోటితోని జెప్పినట్టయితది. అది నాతోని గాదు."

నా ఆశ ఎప్పుడో పోయిందండీ, మీ కోసమే చుట్టాను అని అప్పుడే చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆ చెట్టు ఉత్త పుణ్యానికి చచ్చిందని తెలుస్తుంది. అత్తమ్మ కింది నుంచి పిలిచింది, వెళ్లిపోయాను.

ఇంకోటి పెంచుకోవచ్చన్న మనిషి మళ్లీ మొక్క ముట్టలేదు. తర్వాత మేమిద్దరం ఒకే ఇంట్లో చాలా ఏళ్లు బతికాం. చెప్పడానికి రోజూ వీలుండేది. ఆయన పోయారు, నేను చెప్పలేదు.