ఉచిత కరెంటు వాదన, వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్

2003 జూన్‌లో నన్ను కోరుకొండ వైపు మెట్ట ప్రాంతంలోని ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. విద్యుత్ శాఖలో సెక్షన్ అంటే అన్నింటికన్నా కింది ఆఫీసు. ఒక ఏఈ, ఒక సబ్ ఇంజినీరు, ఒక లైన్ ఇన్‌స్పెక్టరు, ఊరికొకరో ఇద్దరో లైన్‌మెన్లు. మా పైన అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీరు, అంటే ఏడీఈ, ఆయన పైన రాజమండ్రిలో డీఈ. అంతకుముందు నేను నిడదవోలు దగ్గర సబ్‌స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేశాను. అక్కడ కాలవ నీళ్లు కాబట్టి రైతుకు మాతో పెద్దగా పని ఉండేది కాదు. ఇక్కడ బోరు ఆడితేనే పంట. ఏఈ ఎవరన్నది చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైగా ఆడ ఏఈ రావడం ఆ సెక్షన్‌కు అదే మొదలు.

అసెంబ్లీ ఎన్నికలు దగ్గర పడుతున్న రోజులు. తాము గెలిస్తే వ్యవసాయానికి ఉచితంగా కరెంటు ఇస్తామని ప్రతిపక్షం ప్రకటించింది. అలా ఇస్తే శాఖ మునిగిపోతుందని అధికార పక్షం అంది. హోటలు బల్లల మీద, ఎరువుల కొట్ల ముందు, పెళ్లి పందిళ్లలో అదే మాట. ఏ ఊరు వెళ్లినా ముందు టీ ఇచ్చేవారు, తర్వాత అడిగేవారు. "అయ్యే పనేనాండీ మేడం?" ప్రభుత్వోద్యోగిని, నోరు విప్పకూడదు. ఫ్యూజు పోయిందేమో చూసి వస్తానని లేచేదాన్ని. లోపల మాత్రం నాకూ ఉత్సాహంగానే ఉండేది. అన్నేళ్ల సర్వీసులో మా తీగల గురించి, మా లోడు గురించి జనం అంత శ్రద్ధగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి చూశాను.

ఒక ఊళ్లో ఆ వాదన మరీ ముదిరింది. ఊరి పేరు రాయను, వాదించుకున్న ఇద్దరూ ఇంకా అక్కడే తిరుగుతున్నారు. వీర్రాజు గారు మాజీ సర్పంచి, అధికార పక్షం మనిషి. సత్తిబాబు గారు ప్రతిపక్షం జెండా మోసినవారు. వీర్రాజు గారి భార్య సత్తిబాబు గారికి సొంత అక్క. పొలాలు గట్టు గట్టూ కలిసి ఉంటాయి. ఉచిత కరెంటు ప్రకటన వచ్చాక బావా బావమరుదులు నేరుగా మాట్లాడుకోవడం మానేసి, హోటల్లో ఎదురెదురు బల్లల మీద కూర్చుని మూడో మనిషికి చెబుతున్నట్టుగా ఒకరికొకరు జవాబులిచ్చుకునేవారు.

సత్తిబాబు గారి వాదన ఇది. డెల్టా రైతు గోదావరి నీళ్లు కాలవలోంచి పారించుకుని నామమాత్రం నీటి తీరువా కట్టి ఊరుకుంటున్నాడు. మెట్ట రైతు బోరు వేయించాలి, మోటారు కొనాలి, ఆపైన కరెంటు బిల్లూ కట్టాలి. ఇద్దరూ పండించేది తిండే కదా, ఈ తేడా ఎందుకు? వీర్రాజు గారు దానికి ఇలా అనేవారు. ఊరికే వస్తే రాత్రీ పగలూ మోటార్లు ఆపేవాడుండడు, తీగ తట్టుకోదు. శాఖ దగ్గర తీగ కొనడానికి కూడా పైసలుండవు. అప్పుడు బిల్లు ఉండదు సరే, కరెంటూ ఉండదు. నేను ఇద్దరి మాటలూ విన్నాను. కొట్టిపారేయదగ్గ మాట ఏ ఒక్కరూ అనలేదు.

ఫిబ్రవరిలో ఆ ఊరి బోర్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మొక్కజొన్న పొత్తు కడుతున్న సమయం. అప్పుడు తడి అందకపోతే పొత్తులో గింజ ఉండదు. నేను జీపు దిగేసరికి రెండు గుంపులు తయారుగా ఉన్నాయి. ఉచితమిస్తే ఇలాగే తగలబడుతుందని చూపించడానికి వీర్రాజు గారి మనుషులే ఏదో చేశారని ఒక గుంపు అంది. ఇప్పటి నుంచే ఉచితం వచ్చేసినట్టు సత్తిబాబు గారి మనుషులు మోటార్లు ఆపకుండా తోలారని రెండో గుంపు అంది. ఎవరి తప్పో నేను అక్కడే తేల్చాలన్నారు. తేల్చేదాకా జీపు కదలనిచ్చేది లేదని బానెట్ ముందు నిలబడ్డారు.

లైన్‌మన్ అబ్బులు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాడు. లైన్ క్లియర్, అంటే మేము చెప్పేదాకా ఆ లైను మీద సప్లై ఇవ్వబోమని సబ్‌స్టేషన్ వాళ్లిచ్చే హామీ. అది లేకుండా ఎవరూ స్తంభం ముట్టుకోకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కి చూస్తే లోపల కాయిల్ మాడిన వాసన, నల్లబడ్డ ఆయిలు. ఎవరూ ఏమీ చేయలేదు. లోడు ఎక్కువై కాలిపోయింది, అంతే. ఆ మధ్యాహ్నం పొలాల వెంట నడిచి ప్రతి మోటారూ చూశాను. మూడు హార్స్‌పవర్‌కని అనుమతి తీసుకుని అయిదు పెట్టినవారు రెండు వర్గాల్లోనూ ఉన్నారు. అనుమతే లేనివారూ రెండు వర్గాల్లోనూ ఉన్నారు.

రాజమండ్రిలో ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు షెడ్డు ఉంది. కాలినది ఇచ్చి బాగుచేసినది తెచ్చుకోవాలి. ఆ వేసవి ముందు చాలా ఊళ్ల నుంచి కాలినవి వచ్చి పడి ఉన్నాయి. ఏడీఈ గారు నా కోసం ఒకటి ఇప్పించారు గానీ, గట్టిగా ఒక మాట చెప్పారు. ఇది కూడా పోతే ఈ పంటకాలంలో మరొకటి దొరకదు, లోడు తగ్గించకుండా చార్జ్ చేస్తే సంజాయిషీ నువ్వే రాయాలి. చార్జ్ చేయడమంటే సప్లై ఇవ్వడం.

తగ్గించడానికి తేలిక దారి అనుమతి లేని మోటార్లు ఊడదీయడం. ఆ మాట అనగానే అవతలివాళ్లవి ముందు తీయమని ఇద్దరూ అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదకెక్కింది, కింద పంట వాడుతోంది, ఎవరూ దిగిరావడం లేదు. నాకు అప్పుడు కెపాసిటర్ల ఆలోచన వచ్చింది.

కెపాసిటర్ అంటే మోటారు స్టార్టర్ పక్కన బిగించే చిన్న డబ్బా. మోటారు పని చేయడానికి వాడే కరెంటు కాక, లోపల అయస్కాంతం నిలబెట్టుకోవడానికి మరికొంత లాగుతుంది. ఆ రెండోది దూరంగా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లాగకుండా ఈ డబ్బా అక్కడికక్కడే అందిస్తుంది. తీగ మీద భారం తగ్గుతుంది, వోల్టేజీ పెరుగుతుంది. శాఖ ఎన్నాళ్లుగానో బిగించుకోమంటోంది, ఎవరూ బిగించడం లేదు.

దిమ్మె దగ్గర ఇద్దరినీ నిలబెట్టి ఇదంతా చెప్పాను. వీర్రాజు గారు కండువా సర్దుకుని అన్నారు: "ఊరికే ఇస్తామన్నవాళ్లనే ఇవి కూడా ఊరికే ఇమ్మనండి."

సత్తిబాబు గారు నా వైపే చూస్తూ జవాబిచ్చారు: "అధికారం వాళ్లది కదండీ, ముందు వాళ్లనే పెట్టమనండి."

నాకు ఓపిక పోయింది. అప్పుడు వీర్రాజు గారితో అన్న మాట బాగా గుర్తుంది. "మోటార్లన్నీ ఒకేసారి ఆడితే తీగ తట్టుకోదని మీరంటున్నారు, తట్టుకుంటుందని ఆయనంటున్నారు. ఇన్నాళ్లూ హోటల్లో తేలలేదు. ఇక్కడ మీటరు పెట్టి తేల్చుకుందాం. కెపాసిటర్ లేని మోటారు ఒక్కటున్నా నేను చార్జ్ చేయను."

ఆ మాటతో ఊరి తీరే మారిపోయింది. ఎవరి వర్గం ముందు బిగిస్తుందన్నది పందెమైంది. రాజమండ్రి మెయిన్ రోడ్డు కొట్లలో ఉన్న కెపాసిటర్లు అయిపోతే ఒకాయన కాకినాడ వెళ్లి తెచ్చాడు. ఒక వర్గం బిగించినవి రెండో వర్గం వచ్చి తనిఖీ చేసేది, ఐఎస్ఐ గుర్తుందా లేదా అని. ఆ రెండు రోజులూ నా భోజనం జీపులోనే. ఇంటికి వెళ్లినా ఆ ఊరి మోటార్లే కళ్ల ముందు తిరిగేవి.

బోర్లకు రోజంతా కాక విడతలుగా సప్లై ఇచ్చేవాళ్లం. పరీక్ష పెట్టినది పొద్దుటి విడతలో. ఊరు ఊరంతా దిమ్మె చుట్టూ చేరింది. టాంగ్ టెస్టర్ అని చేతిలో పట్టే మీటరుంటుంది. దాని దవడలు తీగ చుట్టూ వేస్తే ఎంత కరెంటు పారుతోందో ముల్లు చూపిస్తుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ వంద కేవీఏది, అంటే దానికి నూట ముప్పై ఆంపియర్లు హద్దు. ప్రతి మోటారు దగ్గరా ఇటువాడొకడు, అటువాడొకడు కాపలా. మోటారు ఆడగానే తువ్వాలు ఊపాలి. అంకెలు నేను పైకి చదవాలి.

ఒక్కొక్క తువ్వాలే లేచింది. అరవై. ఎనభై. తొంభై అయిదు. జనం నాతో పాటు గొంతు కలిపి చదవడం మొదలుపెట్టారు. నూట పది దాటాక దిమ్మెకు ఇంకా దగ్గరగా జరిగారు. చివరికి రెండు మోటార్లు మిగిలాయి. అవి దిమ్మె పక్క పొలాల్లో ఉన్న బావా బావమరుదులవే. స్టార్టర్ల దగ్గర వాళ్లే నిలబడ్డారు. నువ్వు ముందంటే నువ్వు ముందని మళ్లీ పట్టుదల. అప్పుడు వీర్రాజు గారు నెలల తర్వాత మొదటిసారి నేరుగా మాట్లాడారు. "ఒరే సత్తీ, ఇద్దరం ఒకేసారి వేద్దాంరా."

నేను వద్దనే లోపే రెండు తువ్వాళ్లూ లేచాయి. ముల్లు ఒక్క గెంతులో నూట యాభై దాటింది. మోటారు లేచేటప్పుడు మామూలుకన్నా చాలా ఎక్కువ లాగుతుందని నాకు తెలుసు. అందుకే ఒకటొకటిగా వేయమన్నాను. అబ్బులు సప్లై తీసేసే స్విచ్ హ్యాండిల్ పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. లాగమని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ముల్లు దిగడం మొదలైంది. నూట నలభై, నూట ముప్పై రెండు, నూట ఇరవై ఆరు. అక్కడ నిలబడిపోయింది.

నేను అంకె చదవగానే లేచిన కేక పక్క ఊరిదాకా వినిపించిందని తర్వాత చెప్పారు. ఉద్యోగంలో నేను అంత గట్టిగా నవ్వింది కూడా ఆ రోజే. పొలం కాలవల్లో బోరు నీళ్లు పారాయి. ఎవరో నా చేతిలో కొబ్బరిబోండాం పెట్టారు.

అది సగం తాగేలోపే వాదన మళ్లీ మొదలైంది. "చూశారా మేడం, అందరూ ఒకేసారి ఆడించినా తట్టుకుంది. ఉచితమిస్తే కూలిపోతుందన్నారు" అన్నారు సత్తిబాబు గారు. "తట్టుకుంది ఎందుకు? ఎవరి జేబులోంచి వాళ్లు పెట్టి కొన్నారు కాబట్టి. ఊరికే వస్తే కొనేవాడెవడు?" అన్నారు వీర్రాజు గారు. చెప్పమని ఇద్దరూ నా వైపు తిరిగారు. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేసి, వేడెక్కలేదు, నేను చెప్పగలిగింది అంతవరకేనని చెప్పాను. వాళ్లకు అది చాలలేదు. కానీ ఈసారి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని దెబ్బలాడుకున్నారని అబ్బులు చెప్పాడు.

ఆ పంట చేతికొచ్చింది. ఎన్నికల్లో ప్రతిపక్షం గెలిచింది, ఉచిత కరెంటు వచ్చింది. తర్వాత కొంతకాలానికి కెపాసిటర్ ఉండాలన్న షరతూ దానికి తోడైంది. షరతు తన వాదనకే రుజువని వీర్రాజు గారు అన్నారు. ఉచితం అందుకుంటూ ఆ మాట అంటున్నారని సత్తిబాబు గారు అన్నారు.

ఏడీఈగా రిటైరయ్యేదాకా నేను పనిచేసిన ప్రతి చోటా ఇలాంటి వాదన ఏదో ఒకటి ఉండేది. అంకె చూపిస్తే వాదన ఆగుతుందని నేను ఎక్కడా అనుకోలేదు. ఒకే అంకెను ఎవరి వైపుకు వారు తిప్పుకుంటారు. కాకపోతే ఆ అంకె ఇద్దరి కళ్ల ముందే తీస్తే, అది అబద్ధమని మాత్రం ఎవరూ అనలేరు. అందుకే తర్వాత ఏ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పోయినా, రెండు పార్టీల వాళ్లకూ కబురు పెట్టి, వాళ్లు వచ్చాకే టాంగ్ టెస్టర్ బయటకు తీసేదాన్ని.