శ్రావణికి నేనిచ్చిన హెడ్‌సెట్

ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లు లోపలే పెట్టుకుని మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోంది. ఒక అమ్మాయి చెవి పాడవడానికి కారణం నేను. ఆ అమ్మాయి నన్ను అక్కా అని పిలిచేది. ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

అప్పుడు నేను ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఒక పెద్ద బట్టల షాపులో టీమ్ లీడర్‌ని. లోపలికి అడుగుపెట్టగానే అందరం ఒక చెవికి హెడ్‌సెట్ తగిలించుకోవాలి. ఎవరు మాట్లాడినా అందరికీ వినబడుతుంది. బిల్లులు వేసే టిల్ దగ్గర క్యూ పెరిగింది, ట్రయల్ రూమ్‌కి ఎవరైనా రండి, స్టాక్ రూమ్‌లో ఎవరున్నారు, ఎందుకు పలకడం లేదు. ఎదురుగా కస్టమర్ ఒకటి అడుగుతుంటే చెవిలో మేనేజర్ ఇంకొకటి అడుగుతాడు. రెండింటికీ నవ్వుతూ జవాబు చెప్పాలి. ఇంటికెళ్లి అన్నం వడ్డించుకుంటున్నా ఎవరో పిలిచినట్టే ఉండేది. షిఫ్ట్ మొదట్లో ఆ సెట్లు పంచే పని నాది.

శ్రావణిని ఉద్యోగంలో పెట్టించింది నేనే. గుంటూరు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చింది. మా వెనక వీధిలో తోటి స్టూడెంట్లతో ఒక ఇంట్లో ఉండేది. ఆదివారాలు మా ఇంట్లోనే భోజనం. మా పిల్లలు ఇంగ్లీషులో బదులిస్తే ఆమె పట్టుదలగా తెలుగులోనే వాళ్లతో పోట్లాడేది. ఆ అమ్మాయంటే నాకు నిజంగా ఇష్టం. ఇష్టమైన మనిషికే ఇలా ఎలా చేశాను?

ఒకరోజు నా చేతిలోంచి ఒక సెట్ జారి నేల తుడిచే మాప్ బకెట్ నీళ్లలో పడింది. తీసి, తుడిచి, గదిని వెచ్చబెట్టే రేడియేటర్ మీద ఆరబెట్టాను. మళ్లీ పనిచేసింది గానీ వాల్యూమ్ బటన్ బాగా ఎక్కువలోనే బిగుసుకుపోయింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చెవి పగిలేలా కీచుమనేది. మేనేజర్‌కి చెప్పాల్సింది. అసిస్టెంట్ మేనేజర్ పోస్టుకు నా పేరు వినిపిస్తున్న వారమది. వస్తువులు పాడుచేసే మనిషి అనిపించుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను.

మరి ఆ సెట్ ఎవరికివ్వాలి? షాపులో పనిచేసే ఇక్కడి పిల్లలకిస్తే నిమిషంలో తెచ్చి బల్ల మీద పడేస్తారు, ఇది బాగాలేదు అని మేనేజర్ మొహం మీదే అంటారు. శ్రావణి అనదు. నా చేతి అన్నం తింటోంది, నేను పెట్టించిన ఉద్యోగం చేస్తోంది, అక్క ఇచ్చిందంటే కళ్లకద్దుకుంటుంది. మనమ్మాయే కదా, సర్దుకుంటుంది అనుకుని రోజూ ఆ సెట్టే ఆమెకిచ్చాను. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని మా అమ్మ అనేది. అది ఎదుటివాళ్ల గురించి చెప్పిన మాట అనుకునేదాన్ని.

కొన్ని వారాల తర్వాత లాకర్ల దగ్గర నన్ను ఆపింది.

"అక్కా, ఈ సెట్ మార్చి ఇంకోటి ఇస్తారా? ఇంటికెళ్లినా చెవిలో గుయ్యిమంటానే ఉంది. పడుకున్నా తగ్గట్లేదండీ."

"కొత్తల అందరికి గట్లనే ఉంటది శ్రావణీ. నేనూ పడ్డ. జర అలవాటైతే పోతది."

"మేనేజర్‌ని అడగనా పోనీ?"

"వద్దు, నువ్వు పోకు. నేను చూస్కుంట."

సరే అక్కా అంది. థాంక్స్ కూడా చెప్పింది.

నేను చూసుకోలేదు. ఆమె మారడం మాత్రం చూశాను. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడేది. మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే లేచి బయటికి వెళ్లిపోయేది. పిల్లలతో పోట్లాడటం మానేసింది. వాళ్లమ్మ ఫోన్ చేస్తే, తర్వాత చేస్తానమ్మా అని పెట్టేసేది, ఎందుకని అడిగితే చెవికి దగ్గరగా ఏ గొంతూ భరించలేకపోతున్నానంది. అది విని కూడా నేను ఆమెకు ఇంకో గరిటె పప్పు వేశాను. అంతే చేశాను.

ఒక శనివారం, షాపు కిటకిటలాడుతున్నప్పుడు, టిల్ దగ్గర చెవి మూసుకుని కింద కూర్చుండిపోయింది. మేనేజర్ మమ్మల్నిద్దరినీ ఆఫీసులోకి పిలిచి, సెట్ గురించి ఈమె ఇంతకుముందు నీకేమైనా చెప్పిందా అని నన్ను అడిగాడు. లేదన్నాను. చదువు ఒత్తిడి, నిద్ర సరిగా లేదు అని కూడా కలిపాను. అతను ఆమె వైపు తిరిగాడు. శ్రావణి నన్ను చూసింది. తర్వాత తల దించుకుని, నేనెవరికీ చెప్పలేదు అంది. నా కోసం అబద్ధమాడింది. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, గండం గడిచిందన్న హాయి. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆ వారమే ఆమె ఉద్యోగం మానేసింది. ఆ సెట్‌ను నేను చెత్తలో పడేశాను. పోస్టు నాకే వచ్చింది. జీపీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లింది కూడా నేనే, ఎంత మంచి అక్కనో చూడండి. చెవిలో హోరు ఇక పూర్తిగా పోకపోవచ్చు, దానితో బతకడం నేర్చుకోవాలి అన్నారు.

ఇప్పుడు లీడ్స్‌లో ఐటీ ఉద్యోగం చేస్తోంది. పండగలకు ఫోన్ చేస్తుంది, స్పీకర్‌లో పెట్టుకుని. చలికాలంలో కూడా ఫ్యాన్ వేసుకుంటేనే నిద్ర పడుతుందట, ఆ చప్పుడులో చెవిలోది కాస్త మరుగున పడుతుందట. అప్పుడు మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో అక్కా, అంటుంది. ప్రతిసారీ చెబుదామనుకుంటాను. ప్రతిసారీ, తిన్నావా అని అడుగుతాను.

ఇంకొకటుంది. నాకు సరిగా తెలియక చేశానని మీరు అనుకుంటుండవచ్చు. నేనూ అలాగే నమ్మాలని చూశాను. కాదు. లాకర్ల దగ్గర ఆమె అడిగిన మర్నాడు, షాపు తెరవకముందు, ఆ సెట్ నా చెవికి పెట్టుకున్నాను. మేనేజరూ సెక్యూరిటీ అతనూ ఒకేసారి మాట్లాడారు. పళ్లు జివ్వుమన్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. లాగి పారేశాను. కాసేపటికి శ్రావణి వచ్చింది. దాన్ని తీసి, తుడిచి, ఆమె చేతికిచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చెప్పాను, అంతే. కాస్త ఊపిరి ఆడుతోంది. ఆడుతున్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.