అన్నీ అత్యవసరమే

మడికొండలోని మా ఆఫీసులో వాడే ప్రతి సాఫ్ట్‌వేర్ పేరూ రాసి, అది అత్యవసరమో, మామూలుదో, తీసేయదగ్గదో తేల్చే పని నా నెత్తిన పడింది. ఎవరినడిగినా తమది అత్యవసరమే అన్నారు. అకౌంట్స్ చూసే అక్కయితే, "అది లేకుంటే ఒక్క గంట గూడ గడవదు తమ్మీ" అంది. ఒళ్లు మండి, ఆమె ముందే దాన్ని తెరిచాను. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడో ఆపేశామని, దాన్ని తయారుచేసిన కంపెనీ పెట్టిన నోటీసు తెర మీద కనబడింది.

"అయ్యో, నాకెవ్వలు చెప్పలే!" అంది అక్క. "అయినా జర ఉండనియ్యి తమ్మీ. తీసేస్తే నాకేం పని లేదనుకుంటరు."

పళ్లు నూరుకుంటూ సీటుకొచ్చాను. ఇంక ఒక్కటే మిగిలింది: ఈ వివరాలన్నీ ఎక్కిస్తున్న సాఫ్ట్‌వేర్. నేను తప్ప దాన్ని తెరిచేవాళ్లే లేరు. ఏమాత్రం ఆలోచించకుండా, అత్యవసరం అని రాసేశాను.