ఆపి, మళ్ళీ లేపి చూపించే క్లాసు కోసం నందిగామ దాకా

జగ్గయ్యపేట దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో కాటా గది కంప్యూటర్లు చూసుకోవడం నా పని. లారీల తూకాలన్నీ దాచే లినక్స్ సర్వరు కూడా నా చేతి కిందే ఉంది. నెట్‌లో వెతికి, తంటాలు పడి నేర్చుకున్నదే తప్ప నా దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. వేసవిలోపు తెచ్చుకుంటే ఆ బాధ్యత నాకే ఇస్తామనీ, లేకపోతే బయటి మనిషిని పెట్టుకుంటామనీ మేనేజర్ గారు తేల్చి చెప్పారు. ఆన్‌లైన్ క్లాసులు బోలెడున్నాయి గానీ, ఎదురుగా కూర్చుని నా తప్పు చూపించే మనిషి కావాలనిపించింది. రోజూ విజయవాడ వెళ్ళి రావడం నా వల్ల కాదు. నందిగామలో ఎవరైనా చెబుతారేమో చూద్దామని శనివారం సెలవు పెట్టాను.

పొద్దున్నే విజయవాడ బస్సెక్కితే చిల్లకల్లు మీదుగా హైవే పట్టి గంటలోపే నందిగామలో దిగిపోవచ్చు. టికెట్టు వంద లోపే. బస్టాండు దగ్గర షేర్ ఆటోలు ఉంటాయి గానీ, వెతుకులాట కాబట్టి నేను ఖాసిం అనే ఆయన ఆటో విడిగా మాట్లాడుకున్నాను. మొదటి ఇన్‌స్టిట్యూట్‌లో ఏసీ చల్లగా ఉంది. కంప్యూటర్ మిషన్ మీద ఎప్పుడు కూర్చోబెడతారని అడిగితే, కౌంటరులో ఆయన తేలిగ్గా నవ్వాడు.

"ముందు ప్రశ్నలన్నీ బట్టీ పట్టించేస్తామండి. మిషన్‌దేముంది, ఆఖరి వారం చూపిస్తాం."

నాకు ఒళ్ళు మండింది. నేను రాయబోయే పరీక్షలో టిక్కులు పెట్టే పనే లేదు. మిషన్ ఇచ్చి, దాని మీద పని చేసి చూపించమంటారు.

"వెళ్ళేటప్పుడున్న మొహం వచ్చేటప్పుడు లేదు మేడమ్, కుదర్లేదా?" అన్నాడు ఖాసిం. సంగతి చెప్పాను. "అయితే మా అమ్మాయి నేర్చుకునే చోటికి తీసుకెళ్తా. ఆ మేడమ్ పాఠం చెప్పటం తక్కువ, మిషన్లు ఆపటం ఎక్కువంట. మా పిల్ల రోజూ ఇంటికొచ్చి తిట్టుకుంటది."

ఆపడమేమిటో తెలుసుకోకుండా ఇక నాకు కాలు నిలవలేదు.

ఎరువుల కొట్టు పైన రెండు గదులు. హైదరాబాదులో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన సుభాషిణి గారు అక్కడ క్లాసులు చెబుతారు. ఫీజు మాట ఎత్తకముందే నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టి, కొత్త డిస్కును ఒక ఫోల్డరుకు తగిలించమన్నారు, అందులో వేసే ఫైళ్ళు ఆ డిస్కులోకి చేరేలా. మా సర్వరులో పాత డిస్కు నిండినప్పుడు నేను చేసిన పనే అది. చకచకా చేసేసి, అందులో ఒక ఫైలు కూడా పెట్టి గర్వంగా చూశాను. ఆవిడ మిషన్ రీస్టార్ట్ చేశారు. అది మళ్ళీ లేచేసరికి ఫోల్డరు ఖాళీగా ఉంది.

"ఫైలు పోలేదండి, డిస్కులోనే ఉంది. లేచినప్పుడల్లా ఆ డిస్కుని తగిలించుకోమని మీరు మిషన్‌కి రాసి పెట్టలేదు. పరీక్షలో కూడా ఇంతే, ఆపి లేపాక మిగిలినదానికే మార్కులు. మీ ఆఫీసు సర్వరు ఎప్పుడు రీస్టార్ట్ చేశారు?"

"చెయ్యమండి. కరెంటు పోయినా జనరేటరుంది. ఆయుధ పూజకి బొట్టు పెడతాం, 'ఆపవద్దు' అని స్టిక్కరు కూడా అంటించాం, స్విచ్ మాత్రం ముట్టుకోం."

చెబుతుండగానే నాకు సంగతి వెలిగింది. కొత్త తూకాలన్నీ నేను తగిలించిన డిస్కులోనే ఉన్నాయి. సర్వరు ఒక్కసారి ఆగితే కాటా ప్రోగ్రాము వాటి కోసం వెతుక్కుంటుంది, లారీలు గేటు దగ్గరే ఆగిపోతాయి. ఫీజు మొదటి చోటుకంటే ఎక్కువే, పరీక్ష రుసుము దానికి అదనం. అయినా అప్పుడే చేరిపోయి, మెట్ల మీద నుంచే మేనేజర్ గారికి ఫోన్ చేశాను.

"రేపు లారీలు రావుగా సార్, సర్వరు ఒకసారి ఆపుదాం."

"బొట్టు పెట్టి మరీ నడుపుకుంటున్నాం, ఆపటమేంటమ్మా?"

"ఆగితే మళ్ళీ సరిగ్గా లేస్తుందో లేదో మనకి తెలీదు సార్."

ఆదివారం డిస్కు తగిలించుకోమనే ఆ ఒక్క లైనూ రాసి, ఆయన ఎదుటే రీస్టార్ట్ కొట్టాను. తెర కాసేపు నల్లబడి, మళ్ళీ వెలిగింది. తూకాలన్నీ వరసగా వచ్చాక ఆయన కుర్చీలో కూలబడి, "ఇక నెలనెలా ఆపు" అన్నారు.

సర్టిఫికెట్టు ఇంకా రాలేదు, వస్తుందనే నమ్మకం మాత్రం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆగకుండా నడవడమే గొప్ప అనుకున్నాను, ఆపకపోవడానికి కారణం నా భయమేనని ఇప్పుడు తెలిసింది. మీరూ ఇలాంటి శిక్షణ వెతుక్కుంటుంటే ఫీజు కంటే ముందు ఒక్కటే అడగండి: చేసిన పనిని రీస్టార్ట్ చేసి చూస్తారా అని. మా సర్వరు మీద "ఆపవద్దు" అన్న స్టిక్కరు పీకేశాను. బొట్టు ఉంచాను.