అరుణక్క మీదికి నెట్టిన నా తప్పు

సహోదరులారా, ఆరు నెలల పాటు నేను ప్రార్థన చెయ్యలేదు. చెయ్యట్లేదని ఎవరికీ తెలియదు, ఎందుకంటే మోకరించేదాన్ని, కళ్ళు మూసుకునేదాన్ని, పెదాలు కదిపేదాన్ని, కానీ లోపల ఒక్క మాట కూడా పైకి వెళ్ళేది కాదు.

నా పేరు కెజియా. మాది సంతబొమ్మాళి దగ్గర ఊరు. మా నాన్న కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు, అమ్మ పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్ళేది. మన ఉద్దానంలో ఎన్నో ఇళ్ళలో జరిగినట్టే నాన్నకీ కిడ్నీలు పాడయ్యాయి, వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఆ రోజుల్లోనే దేవుని దయవల్ల నాకు విశాఖలో ఉద్యోగం వచ్చింది, నాన్న మందులకీ ప్రయాణాలకీ ఆ జీతమే ఆధారం. బట్టలు, గిన్నెలు, ఇంటి సామాన్లు అమ్మే కంపెనీ, వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ కళ్ళకి కనబడే పేజీలు, బటన్లు తయారుచెయ్యడం నా పని. అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్టర్ అరుణక్క, నందిగాం ఆవిడ. నాకు పని నేర్పింది ఆవిడే, మొదటి రెండు నెలలు తన గదిలో ఉంచుకుని అన్నం పెట్టింది కూడా ఆవిడే.

పండగ అమ్మకాలకని పేజీ అడుగున ఆఫర్ల పట్టీ ఒకటి పెట్టమన్నారు, పెట్టాను. చిన్న ఫోన్లలో కూడా చూశావా అని అక్క అడిగితే చూశానన్నాను. చూడలేదు. నాన్నకి సూది గుచ్చిన చెయ్యి వాచిపోయిందని అమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, నా బుర్ర అక్కడుంది. నా మాట నమ్మి అక్క సరే అనేసింది. మర్నాడు పొద్దున్న అమ్మకాలు మొదలయ్యేసరికి చిన్న ఫోన్లున్నవాళ్ళకి ఆ పట్టీ ఆర్డర్ బటన్‌ని కప్పేసింది, ఎంత నొక్కినా ఆర్డర్ వెళ్ళదు, మధ్యాహ్నం దాకా ఎవరూ కనిపెట్టలేదు.

మేనేజరు అందరినీ కూర్చోబెట్టి అడిగారు. నేను టెస్టింగ్‌కి ఇచ్చానండి అన్నాను. అక్క నా వైపు తిరిగి, "చూశానన్నావు కదా కెజియా" అంది.

"నేనలా అనలేదక్కా" అన్నాను.

ప్రభువుని ఎరగనని బొంకిన పేతురైనా బయటికి వెళ్ళి ఏడ్చాడు. నేను ఏడవలేదు. నెలాఖరుకి అక్కని తీసేశారు. నాన్న పరిస్థితి చూసి నన్ను ఇంటి నుంచే పని చేసుకోమన్నారు, అందరూ దేవుడు మేలు చేశాడన్నారు, నేను తలూపాను. అన్నం సయించేది కాదు, మనిషిని సగమైపోయాను.

ఒకరోజు డయాలసిస్ మంచం పక్కన ప్రార్థన చేస్తుంటే నాన్న ఆపేశాడు. "ఏటమ్మా, పార్ధన సేత్తన్నావా, పాఠం అప్పజెప్తన్నావా?" అన్నాడు. అక్కడే అంతా చెప్పేశాను. పైకప్పు వైపు చూస్తూ అన్నాడు: "నా రగతం కడగడానికి ఇంకో ఆడపిల్ల ఉసురు అక్కర్నేదమ్మా. ఎల్లి సెప్పు."

ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. "ప్రభువా, ఉద్యోగం నిలబెట్టమని అడగను, ఈ అబద్ధం నాలోంచి తీసెయ్యి, చాలు" అన్నాను. ఆరు నెలల్లో అదే నా మొదటి ప్రార్థన. అక్కడి నుంచే మేనేజరుకి జరిగింది జరిగినట్టు రాసి, నందిగాం బస్సెక్కాను.

అక్క వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నేను చెప్పినంతసేపూ ఆరేస్తూనే ఉంది. చివరికి, "నాకు తెల్దా? తెల్నిది మా ఇంట్లోవోళ్ళకి. నోపలికొచ్చి ఆళ్ళకి సెప్పు" అంది. వెళ్ళి చెప్పాను. వాళ్ళ నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు, వాళ్ళమ్మకి ఇన్నాళ్ళూ కూతుర్ని అన్న మాటలు గుర్తొచ్చినట్టున్నాయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క నాతో బస్సు దాకా నడిచింది. బస్సు కదులుతుంటే, "మీ నాన్నకెలాగుంది?" అని అడిగింది. అప్పుడొచ్చింది సహోదరులారా నాకు ఏడుపు, టెక్కలి దాకా ఆగలేదు.

కంపెనీ నన్ను తీసేసింది. అరుణక్క తప్పు లేదని కాగితం ఇచ్చారు గాని మళ్ళీ పిలవలేదు. వానల మొదట్లో నాన్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. స్వస్థత కోసం మీరందరూ ప్రార్థించారు, మనం అడిగినట్టు జరగలేదు, ఆ దుఃఖం ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు టెక్కలిలో పిల్లలకి కంప్యూటర్ నేర్పుతున్నాను. అయినా ఇక్కడ నిలబడి దేవునికే మహిమ అంటున్నానంటే, ఆయన నా నోటిని నాకు తిరిగి ఇచ్చాడు గనుక.

మీలో ఎవరైనా నాలాగే పెదాలు మాత్రం కదుపుతూ ఉంటే, ఆయన్ని నమ్మండి, ఇవాళే లేచి ఆ మనిషి ఇంటికి వెళ్ళండి. క్షమిస్తారని నేను మాటివ్వలేను. అక్క నన్ను క్షమించిందో లేదో నాకిప్పటికీ తెలియదు. నాన్నని సమాధి చేసిన రోజు మాత్రం వచ్చింది, పొద్దుగూకేదాకా మా అమ్మ పక్కన కూర్చుంది.