రేడియోలో రాజన్న గొంతు

ఈ సాయంత్రం ఖతర్‌లో మేం పనిచేసే రాస్ లఫాన్ నుంచి మా గదులుండే అల్ ఖోర్‌కు వస్తుంటే డ్యూటీ బస్సులో ఎవరో ఫోన్‌లో తెలుగు రేడియో పెట్టారు. పాత పల్లెపాటలు వస్తున్నాయి. ఏడుపు పాటలు ఆపమని కొందరు, ఉండనిమ్మని కొందరు. ఇంతలో ఒక శ్రోత ఫోన్ కలిసింది.

"నేను ఖతర్ కెళ్ళి రాజన్నను మాట్లాడుతున్న. మా అమ్మ నాట్లేసుకుంట పాడే పాట ఎయ్యుండ్రి."

పాటలు ఆపమన్నవాళ్ళు కూడా ఫోన్ వైపు తిరిగారు. అది నా రూమ్‌మేట్ గొంతు. పోయిన ఎండాకాలం గుండె ఆగి చనిపోతే మేమే అతన్ని పెట్టెలో ఊరికి పంపాం.

"బంద్ చెయ్ రా, భయమైతాంది," అన్నాడు మాతో పనిచేసే లక్ష్మణ్.

"వద్దు. ఆయన అడిగిన పాట అయిపోనియ్," అన్నాడు నర్సన్న.

పాత కార్యక్రమమే మళ్ళీ వేశామని చివర్లో రేడియోవాళ్ళు చెప్పారు. అప్పటికే నేను, పక్కన ఎవరూ లేకపోయినా, అటు చూడకుండానే కిటికీ దగ్గరికి జరిగి రాజన్నకు చోటిచ్చాను.

మీరైతే ఆపేవారా, వినేవారా?